ఊపిరితిత్తుల రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని ఉంటే

మా సోలాపూర్ తూర్పు భాగంలో మన వాళ్ళ ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చివరికి సంఘం ఆఫీసుకు చేరుతుంది. బీడీ కార్మికుల పీఎఫ్ కాగితమైనా, బ్యాంకు నోటీసైనా, ఆస్పత్రి రిపోర్టైనా అంతే. ఉద్యోగమంతా గుమాస్తాగా గడిపి రిటైరైన వాళ్ళం కనుక కాగితం చదివి చెప్పడం మాకు అలవాటు. చదివి చెప్పడంతో ఊరుకోక అర్థం కూడా చెప్పడం మా దురలవాటు. కిందటి ఏడాది అలా అర్థం చెప్పిన ఒక రిపోర్టు విషయంలో మేము పొరపాటు చేశాం. అది మళ్ళీ మన వాళ్ళ ఏ ఇంట్లోనూ జరగకూడదని, తర్వాత డాక్టర్లను అడిగి, దొరికినది చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది, ఒక్కటీ తాగలేదు. భర్త మగ్గం కార్మికుడు, ఆయన తాగేవాడు. దగ్గు మూడు నెలలు తగ్గకపోతే ఒక డాక్టరు టీబీ అనుకుని రెండు నెలలు టీబీ మందులు వాడించాడు. కళ్ళెలో టీబీ క్రిమి కనిపించలేదు, ఆయాసం మాత్రం పెరిగింది. చివరికి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. ఆ రిపోర్టు పట్టుకుని కోడలు మా దగ్గరికి వచ్చింది. రెండు పేజీల కాగితం. మొదటి పేజీలో అడినోకార్సినోమా అని ఉంది. రెండో పేజీలో వరసగా కొన్ని పొట్టి పేర్లు, ప్రతి పేరు పక్కన పాజిటివ్ అనో నెగటివ్ అనో ఉంది: టీటీఎఫ్-1 పాజిటివ్, నాప్సిన్-ఏ పాజిటివ్, గాటా-3 నెగటివ్. వాటి కింద, ఈఆర్ అక్కడక్కడ బలహీనంగా పాజిటివ్.

“కాకా, గిండ్ల ఈఆర్ పాజిటివ్ అని ఉన్నది గదా? మా మేనత్తకు గూడ గిదే ఉండె. గోలీలు మింగుకుంట ఎనిమిదేండ్ల సంది మంచిగున్నది. మా అత్తమ్మకు గూడ మంచిదే గదా?”

మంచిదేనమ్మా అన్నాం. అదీ మా పొరపాటు. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ పాజిటివ్ అంటే కాస్త నయమని మేమూ ఎక్కడో విని ఉన్నాం. డాక్టరు రాసిన తర్వాతి పరీక్ష ఖర్చు వేలల్లో ఉంది. దాన్ని ‘తర్వాత చూద్దాం’ అని పక్కన పెట్టి, మేనత్తకు డాక్టరు మందు మార్చగా మిగిలిపోయిన టామాక్సిఫెన్ స్ట్రిప్పులు తెచ్చి, ఆ ఇంట్లో ఐదు వారాలు వేశారు. ఆ ఐదు వారాల్లో నీరు మళ్ళీ నిండింది.

ముందు ఈఆర్ అంటే ఏమిటో చూద్దాం. ఈస్ట్రోజన్ రిసెప్టర్ అన్నదానికి అది పొట్టి పేరు. ఈస్ట్రోజన్ స్త్రీ హార్మోను. మగవాళ్ళలోనూ కొంత ఉంటుంది. మేము పనిచేసిన ఆఫీసులో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చేది, అన్ని శాఖలకూ ప్రతి వెళ్ళేది. కానీ ఏ శాఖలో ఆవక్-జావక్ రిజిస్టరు దగ్గర గుమాస్తా కూర్చుని దాన్ని తీసుకుంటాడో ఆ శాఖలోనే అది అమలయ్యేది. మిగతా చోట్ల కాగితం వచ్చినట్టే తెలియదు. హార్మోను ఆ సర్క్యులర్ లాంటిది, రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. రిసెప్టర్ అంటే కణంలో కూర్చున్న ఆ ఆవక్ గుమాస్తా. అతడున్న కణమే హార్మోను మాట వింటుంది. పెరగమంటే పెరుగుతుంది.

రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇది చాలా పాత సంగతి. స్కాట్లండులోని గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే డాక్టరు ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసివేస్తే గడ్డలు తగ్గడం చూసి 1896లో రాశాడు. ఎందుకు తగ్గాయో ఆయనకు తెలియదు. అరవై ఏళ్ళ తర్వాత షికాగోలో ఎల్వుడ్ జెన్‌సన్ ఈ రిసెప్టర్‌ను చూపించాక కారణం తెలిసింది. టామాక్సిఫెన్ ఆ గుమాస్తా కుర్చీలో తాను కూర్చుని సర్క్యులర్‌ను అందనివ్వదు. లెట్రోజోల్ లాంటివి అసలు సర్క్యులరే అచ్చు కాకుండా చేస్తాయి. రొమ్ము గడ్డలో నూటికి ఒక్క కణంలో ఈఆర్ కనిపించినా పాజిటివ్ అనే రాస్తారు. ఒకటి నుంచి పది దాకా ఉంటే ‘తక్కువ పాజిటివ్’ అంటారు. అక్కడ ఈ ఒక్క మాట మీద ఐదేళ్ళ, పదేళ్ళ వైద్యం నిలుస్తుంది. కోడలి మేనత్త బాగుండడంలో ఆశ్చర్యం లేదు.

ఊపిరితిత్తులకు హార్మోనుతో ఏం పని అని మేమూ అడిగాం. పరిశోధకులు అటు చూడడానికి కారణాలు ఉన్నాయి. పొగ తాగనివాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్త్రీల వాటా ఎక్కువ. ఊపిరితిత్తుల గడ్డల్లో ఈ రిసెప్టర్లు కనిపించాయి. పైగా ఈస్ట్రోజన్‌ను తయారుచేసే అరోమటేజ్ అనే ఎంజైము కూడా ఆ గడ్డల్లోనే కనిపించింది. అంటే ముట్లుడిగిన స్త్రీలోనూ, మగవాడిలోనూ, గడ్డ తనకు కావలసిన ఈస్ట్రోజన్‌ను తానే తయారుచేసుకోగలదు.

మనుషుల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లోనూ సూచనలు దొరికాయి. అమెరికాలో ముట్లుడిగిన 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్రలు, మిగతావారికి ఉత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2009లో లెక్క తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారి సంఖ్యలో నమ్మదగ్గ తేడా కనిపించలేదు. దానితో చనిపోయినవారు మాత్రం హార్మోను మాత్రలు వేసుకున్న గుంపులో 73 మంది, ఉత్తి మాత్రల గుంపులో 40 మంది. ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన మరో గుంపులో ఈ పెరుగుదల లేదు. స్విట్జర్లాండులోని జెనీవాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 6,655 మంది స్త్రీల రికార్డులు చూసి 2011లో రాసినది దీనికి మరో వైపు: ఈస్ట్రోజన్‌ను అడ్డుకునే మందు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు అనుకున్నదానికంటే తక్కువగా ఉన్నాయి. ఇంతవరకు చదివితే ఎవరికైనా కోడలికి వచ్చిన ఆలోచనే వస్తుంది. మాకూ వచ్చింది.

కానీ గడ్డ ముక్కను తీసి, అందులో రిసెప్టర్ ఉందా లేదా చూసి, ఆ మనిషి ఎంతకాలం బతికాడో లెక్క కట్టిన అధ్యయనాలకు వస్తే కథ చిక్కుపడుతుంది. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయి. రొమ్ము రిపోర్టులో ఈఆర్ అంటే ఆల్ఫా. బీటాను 1996లో స్వీడన్‌లో కైపర్, గుస్తాఫ్‌సన్ కనుక్కున్నారు. ఊపిరితిత్తుల మీద రాసినవారిలో ఎక్కువమంది అక్కడ ముఖ్యమైనది బీటాయే అన్నారు. జపాన్‌లో 132 మంది రోగుల ముక్కలు చూసి 2005లో రాసిన అధ్యయనంలో ఆల్ఫా ఉన్నవారికి, బీటా లేనివారికి రోగగతి బాగులేదు. అదే ఏడు అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వచ్చిన అధ్యయనంలో బీటా ఉన్న మగవాళ్ళు ఎక్కువకాలం బతికారు, స్త్రీలలో మాత్రం ఆ మేలు కనిపించలేదు, ఎదురుదిక్కుగానే ఉంది. జపాన్‌లోని మరో బృందం ప్రొజెస్టిరాన్ రిసెప్టర్, అంటే రిపోర్టుల్లో పీఆర్ అని రాసేది, ఉన్న గడ్డలకు రోగగతి మెరుగని చెప్పింది. కాలిఫోర్నియాలో 2007లో అరోమటేజ్ తక్కువగా ఉన్న గడ్డలు చూస్తే, అరవై ఐదు దాటిన స్త్రీలు ఎక్కువకాలం బతికారు. ఒక్కొక్క కాగితం విడిగా చదివితే బాగానే ఉంటుంది. అన్నీ ఒకే ఫైలులో పెడితే లెక్క కుదరదు.

ఎందుకు కుదరదు? ఈ ప్రశ్నకు దొరికిన జవాబు మా గుమాస్తా బుర్రకు బాగా నచ్చింది. పరీక్ష ఎలా చేస్తారో చూడండి. గడ్డ ముక్కను మైనంలో పొదిగి, పల్చని పొరలుగా కోసి, గాజు పలక మీద పెడతారు. దాని మీద ఒక యాంటీబాడీ వేస్తారు. అది రిసెప్టర్‌ను వెతికి పట్టుకోవాలి, పట్టుకున్న చోట గోధుమ రంగు వస్తుంది. పాథాలజిస్టు మైక్రోస్కోపులో ఆ రంగును చూసి ఎన్ని కణాలు, ఎంత గాఢంగా అని అంచనా వేస్తాడు. రంగు కణం నడిమి కేంద్రకంలో ఉంటేనే కొందరు లెక్కలోకి తీసుకుంటారు, చుట్టూ ఉన్నా కొందరు తీసుకుంటారు. ఎంత ఉంటే పాజిటివ్ అన్న గీత కూడా ఊపిరితిత్తుల విషయంలో ఒకచోట ఉన్నట్టు మరోచోట లేదు. ఆల్ఫాకు వాడే యాంటీబాడీలే రెండు మూడు రకాలు. అవే ఊపిరితిత్తుల గడ్డలను ఒక రకంతో చూస్తే కొద్దిమందికి పాజిటివ్ వస్తే, మరో రకంతో చూస్తే అంతకు ఎన్నో రెట్ల మందికి వస్తుంది. ముక్క మారలేదు, మనిషి మారలేదు, రంగు మారింది.

బీటా సంగతి ఇంకా కష్టం. 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఈఆర్-బీటాను చూడడానికి ప్రపంచమంతా వాడుతున్న 13 యాంటీబాడీలను తీసుకుని గట్టిగా పరీక్షించారు. నమ్మదగినదిగా నిలబడింది ఒక్కటే. మిగతావి బీటా లేనిచోట కూడా రంగు చూపించడమో, వేరేదాన్ని పట్టుకోవడమో చేశాయి. అంటే ఇరవై ఏళ్ళపాటు రాసిన కాగితాల్లో ఎన్నింటిలో చూసినది నిజంగా బీటాయో ఎవరు చెప్పగలరు? ఆఫీసులో ఒకసారి తూకం రాయి తప్పని తేలితే ఆ రాయితో తూచిన పాత రిజిస్టర్లన్నీ తిరగదోడాల్సి వచ్చేది. ఇదీ అలాంటిదే. ఆ పరిశోధకులు అబద్ధం రాశారని మేము అనడం లేదు. రాయి తప్పు.

మరో తేడా ఉంది. మేము తెలుసుకోవలసిన అసలు సంగతి అదే. రోగం ఎటు పోతుందో చెప్పే గుర్తు ఒకటి, ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తు మరొకటి. ఈ ఏడు మా సోలాపూర్‌లో వాన తక్కువ అని చెప్పడం ఒకటి. ఈ నేలలో జొన్న పండుతుందని చెప్పడం వేరొకటి. మొదటిది విని మనం దిగులుపడతాం లేదా ఊరట పొందుతాం, అంతే. రెండోది వింటే విత్తనం మారుస్తాం. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ ముఖ్యంగా రెండో పని చేస్తుంది, మొదటిదీ కొంత చేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో రిసెప్టర్ల గురించి పైన చెప్పిన అధ్యయనాలన్నీ మొదటి రకానివి. అవీ ఒకదానితో ఒకటి కుదరనివి.

రెండో రకం పని చేస్తుందేమో అని కూడా చూశారు. ఫ్రాన్సులో ముట్లుడిగిన, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు జెఫిటినిబ్ మాత్ర, రెండో గుంపుకు అదే మాత్రతోపాటు ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను అడ్డుకునే ఫుల్వెస్ట్రంట్ ఇంజెక్షన్ ఇచ్చారు. 2020లో ఫలితాలు వచ్చాయి: ఇంజెక్షన్ కలిపినందువల్ల రోగం ఆగిన కాలం పెరగలేదు. అందుకే నేడు ఏ పెద్దాస్పత్రిలోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఈఆర్ చూసి టామాక్సిఫెన్ రాయరు. పరిశోధన ఆగలేదు, రేపు ఏం తేలుతుందో రేపు చూద్దాం. నేటి రోగికి నేటి సంగతి కావాలి.

మరి వైద్యానికి పనికిరానప్పుడు ఆ పాథాలజిస్టు ఈఆర్ ఎందుకు చూసినట్టు? ఈ ప్రశ్న మా సంఘం సభ్యుడైన ఒక రిటైర్డు కాంపౌండరు మమ్మల్ని అడిగాడు. దీనికి జవాబు మన ఇంటిపేర్లలో ఉంది. సోలాపూర్‌లో మన వాళ్ళకు మూడు నాలుగు తరాలు గడిచాయి, మరాఠీ మాతో సమానంగా మాట్లాడతారు. అయినా పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి పెద్దవాళ్ళు ఇంటిపేరు అడిగి, మీది కరీంనగరమా, వరంగలా, నల్గొండా అని తేల్చేస్తారు. క్యాన్సర్‌కూ ఇంటిపేరు ఉంది. రొమ్ములో పుట్టి ఊపిరితిత్తులకు పాకిన గడ్డ ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదు. ఎక్కడ కాపురం పెట్టినా అది రొమ్ము క్యాన్సరే, దానికి రొమ్ము క్యాన్సర్ వైద్యమే. స్త్రీ రోగికి ఊపిరితిత్తుల చుట్టూ నీటిలో అడినోకార్సినోమా కనిపిస్తే పాథాలజిస్టుకు వచ్చే మొదటి అనుమానాల్లో ఒకటి, ఇది పుట్టింది ఇక్కడేనా, రొమ్ములోనా అని. టీటీఎఫ్-1, నాప్సిన్-ఏ రెండూ ఊపిరితిత్తి ఇంటిపేర్లు. గాటా-3 రొమ్ము వైపు చూపిస్తుంది. ఈఆర్ కూడా రొమ్ము వైపే చూపించాలి కానీ, ఇప్పుడు చెప్పినట్టు ఊపిరితిత్తుల గడ్డలు కొన్ని కూడా బలహీనంగా ఆ రంగు చూపిస్తాయి. ఒక్క ఈఆర్ చూసి రొమ్మే అనకూడదని అందుకే నాలుగైదు కలిపి చూస్తారు. మన ఆమె రిపోర్టులో ఆ వరస అంతా కలిపి చెబుతున్నది ఒకటే: ఈ గడ్డ ఊపిరితిత్తిలోనే పుట్టింది. మేము వరస వదిలేసి ఒక్క మాట పట్టుకున్నాం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే ఊపిరితిత్తి రిపోర్టులో ఈఆర్ ఉంటే పట్టించుకోనక్కరలేదని మరో పొరపాటు మొదలవుతుంది. హోసూరు వైపు మన వాళ్ళలో ఒకామెకు తొమ్మిదేళ్ళ కింద రొమ్ము క్యాన్సర్ తగ్గింది. ఇప్పుడు ఊపిరితిత్తిలో మచ్చలు కనిపించాయి. ముక్క తీస్తే టీటీఎఫ్-1 నెగటివ్, గాటా-3 పాజిటివ్, ఈఆర్ గాఢంగా పాజిటివ్. అది పాత రొమ్ము క్యాన్సరే తిరిగి వచ్చింది. ఆమెకు హార్మోను వైద్యమే సరైన వైద్యం, అదే ఇస్తున్నారు. కనుక ఇంట్లో ఎవరికైనా మునుపు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, ఎన్నేళ్ళయినా సరే, ఆ మాట ఊపిరితిత్తుల డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి. మన స్త్రీలు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు. కొడుకుల ముందు అసలే చెప్పరు. కోడలో కూతురో పక్కన ఉండి చెప్పాలి.

ఇక ఊపిరితిత్తిలోనే పుట్టిన అడినోకార్సినోమాలో వైద్యం మార్చే గుర్తులు వేరే ఉన్నాయి. ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు మన దేశంలో ఈ రకం రోగుల్లో దాదాపు పావు వంతు నుంచి మూడో వంతు మందికి ఉంటుంది, పొగ తాగని స్త్రీలలో ఇంకా ఎక్కువ. ఆ మార్పు ఉంటే రోజుకొక మాత్రతో వైద్యం మొదలుపెట్టవచ్చు. ఇది గుర్తు చూసి మందు ఇవ్వడానికి ఎంత స్పష్టమైన ఉదాహరణో 2009లో తేలింది. తూర్పు ఆసియా దేశాల్లో ఎక్కువగా పొగ తాగని 1,217 మందికి జెఫిటినిబ్ మాత్రో, మామూలు కీమోయో ఇచ్చి చూశారు. మార్పు ఉన్నవారికి మాత్ర మేలు చేసింది. మార్పు లేనివారికి మాత్ర కంటే కీమోయే మేలు చేసింది. అదే మాత్ర, అదే రోగం, ఒక్క గుర్తు తేడా. ఏఎల్‌కే అనే మరో జీన్ మార్పు తక్కువమందికి ఉంటుంది, దానికీ వేరే మాత్రలున్నాయి. పీడీ-ఎల్1 అన్నది ఇమ్యూనోథెరపీ కోసం చూస్తారు. వీటన్నిటికంటే ముందు రోగం ఏ దశలో ఉంది అన్నది. మన ఆమెకు డాక్టరు రాసిన, ఆ ఇంటివాళ్ళు వాయిదా వేసిన పరీక్ష ఈ ఈజీఎఫ్ఆర్ పరీక్షే. జెఫిటినిబ్‌ను మన దేశపు కంపెనీలు, హైదరాబాదు నాట్కోతో సహా, తయారుచేస్తున్నాయి కనుక మందు ఒకప్పటి ధరలో లేదు. పరీక్షకు జంకి మందును పోగొట్టుకున్నట్టయింది.

మిగిలిపోయిన మాత్రల సంగతి. టామాక్సిఫెన్ ఊరికే మింగితే పోయేదేముంది అనుకోవద్దు. దానివల్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా విడిగా అదే ప్రమాదం తెస్తుంది. రెండూ కలిపి ఐదు వారాలు, అదీ ఎవరికీ చెప్పకుండా. ముంబైలో డాక్టరు మందుల సంచీ బల్ల మీద కుమ్మరించి, ఈ స్ట్రిప్పు ఎవరు రాశారని అడిగితే ఇంటివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. రాసినవాడు ఎవడూ లేడు. మేము నోటితో చెప్పాం, అంతే. అలాగని రొమ్ము క్యాన్సర్‌కు డాక్టరు రాసిన టామాక్సిఫెన్ వాడుతున్న మన ఆడవాళ్ళు ఇది చదివి భయపడి ఆపవద్దు. అది వాళ్ళ మందు. ముట్లుడిగాక వేడి ఆవిర్లకు హార్మోను మాత్రలు వాడుతున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలితే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పైన 73, 40 లెక్క చెప్పాం కదా, అందుకు.

కాగితాల గురించి రెండు మాటలు, ఇది మాకు వచ్చిన పని. ముక్క తీసిన ల్యాబులో మైనపు దిమ్మ ఉంటుంది, బ్లాక్ అంటారు. పెద్దాస్పత్రికి పోయేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఆ బ్లాక్, గాజు పలకలు కూడా అడిగి రసీదు మీద తీసుకుని పోవాలి. అందులో సరుకు మిగిలి ఉంటే ఈజీఎఫ్ఆర్ లాంటి పరీక్షలు దాని మీదే చేస్తారు, మళ్ళీ సూది గుచ్చే పని తప్పవచ్చు. మాకు ముంబై టాటా మెమోరియల్. బళ్ళారి, హోసూరు వాళ్ళలో చాలామంది బెంగళూరు కిద్వాయ్‌కి పోతారు. చెన్నై వాళ్ళకు అడయారు, బరంపురం వాళ్ళకు కటక్‌లోని ఆచార్య హరిహర, యానాం వాళ్ళకు దగ్గర్లో కాకినాడ, తమ కేంద్రపాలిత ప్రాంతంలోని చోటు కావాలంటే పుదుచ్చేరి జిప్మర్ ఉన్నాయి. ఎక్కడికి పోయినా మన చిక్కు ఒకటే. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరు మరాఠీలోనో కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో చెబుతాడు, ఇంట్లో ముసలామెకు తెలుగులో చెప్పాలి. మూడు భాషలు దాటేసరికి ‘అక్కడక్కడ బలహీనంగా’ అన్న మాటలు దారిలో రాలిపోయి ‘పాజిటివ్’ ఒక్కటే ఇంటికి చేరుతుంది. డాక్టరుతో మాట్లాడేటప్పుడు అడగాల్సింది ఇంతే: ఇది ఎక్కడ పుట్టిన క్యాన్సర్, ఏ దశ, ఈ వరసలో ఏ మాట వల్ల నా మందు మారుతుంది. మూడో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ముంబైలో ఆమె బ్లాక్ మీద పరీక్ష చేస్తే ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలింది. మాత్ర మొదలుపెట్టి పదకొండు నెలలైంది. నీరు మళ్ళీ నిండలేదు, ముఖం మీద పొక్కులు లేచాయి, గోళ్ళ పక్కన పుండ్లు పడుతున్నాయి, బీడీ చుట్టడం మానేసింది. ఇది నయమైపోయే దశ కాదని, మందు ఎప్పుడో ఒకప్పుడు పట్టు తప్పుతుందని, అప్పుడు మళ్ళీ పరీక్ష చేసి వేరే మందు చూడాలని డాక్టరు చెప్పింది కోడలు ఆమెకు తెలుగులోనే చెప్పింది, ఏదీ దాచలేదు. మూడు నెలలకొకసారి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున దిగుతారు.

పోయే ముందు రోజు కోడలు ఫైలు తెచ్చి మా బల్ల మీద పెడుతుంది. తారీఖుల వరసలో కాగితాలు సర్ది, పైన ఒక పట్టీ రాసి ఇస్తాం. అర్థం మాత్రం చెప్పం. డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు పట్టీ కిందే తెలుగులోనూ మరాఠీలోనూ రాసి పెడుతున్నాం. ఈ పట్టీ నమూనా కావలసిన ఇతర ఊళ్ళ సంఘాలు మా కార్యాలయానికి రాస్తే పంపుతాం.